పిండుడు

ఏప్రిల్ 16, బుధవారం. జనగామ

చివరి సెమిస్టర్ పోస్టింగ్ ఈరోజు మొదలైంది. యూనివర్సిటీలో ఇన్నాళ్లూ రబ్బరు బొమ్మల మోకాళ్లకూ, పక్క బెంచీ వాళ్ల చీలమండలకూ కట్లు కట్టీ కట్టీ విసిగిపోయిన చేతులివి. ఇప్పుడు నిజమైన ఆటగాళ్లు దొరికారు. జనగామ అమ్మాయిల కబడ్డీ జట్టు. నెల పైచిలుకు వీళ్ల ఒంటికి నేనే జవాబుదారీ.

కోచ్ బిక్షపతి అన్న నన్ను పైనుంచి కిందిదాకా చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మాలిష్ చేస్తవా చెల్లె?"

చేయనన్నాను. మరేం చేస్తావన్నాడు. దెబ్బ తగలకుండా చూస్తాను, తగిలితే అందరికంటే ముందు చేరుకుంటాను, ఎవరు ఆడొచ్చో ఎవరు కూర్చోవాలో చెప్తాను అన్నాను.

"గది నేను చెప్త గదా," అన్నాడు.

చూద్దాం.

సాయంత్రం డోర్నకల్ నుంచి మా అబ్బా ఫోన్ చేశాడు. స్టేషన్ దగ్గర ఆయన సైకిల్ షాపుకు వచ్చే ప్రతివాడూ నా చదువు సంగతే అడుగుతున్నాడట. "డాక్టర్ గాదు, కోచ్ గాదు. మరి ఏమని చెప్పాలె బేటా?" అథ్లెటిక్ ట్రైనర్ అని చెప్పమన్నాను. "గంత పొడుగు మాట చెప్పేలోపల గిరాకీ పోతడు," అన్నాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

జట్టులో జమున అనే అమ్మాయి చీలమండకు నేను కట్టిన టేపు ఆట అయిపోయేదాకా చెక్కు చెదరలేదు. నా చేతిపనికి నాకే ముచ్చటేసింది.

ఏప్రిల్ 21, సోమవారం

మా వెంకట్రాం సార్ ఇచ్చిన అసైన్‌మెంట్ పూర్తి చేశాను. ఏ గ్రౌండులో ఆడినా, అక్కడ ప్రాణం మీదికి వస్తే ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అంబులెన్స్ ఎటునుంచి వస్తుంది, ఐసు ఎక్కడ దొరుకుతుంది. మా జట్టు ఆడే ఈ కప్పు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు ఊళ్లలో తిరుగుతుంది కాబట్టి మూడు ప్లాన్లు. ఎండాకాలం కాబట్టి మూడింటిలోనూ మొదటి పేజీ వడదెబ్బదే.

ఎండలో పరుగెత్తి పడిపోయిన మనిషి విషయంలో సార్ క్లాసులో ఒకే మాట చెప్పేవారు. ముందు చల్లబరచు, తర్వాతే తరలించు. ఆసుపత్రికి తీసుకుపోయే దారిలో మెదడు ఉడికిపోతుంది, కాబట్టి పడిన చోటే మెడదాకా ఐసు నీళ్లలో ముంచాలి. జ్వరం చూడటానికి నుదుటి మీద పెట్టే మిషను పనికిరాదు, అది ఎండలో అబద్ధం చెప్తుంది. నిజం చెప్పే థర్మామీటర్ ఎక్కడ పెట్టాలో సార్ చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదని చెప్పను.

ముంచాలంటే టబ్బు కావాలి కదా. టెంట్ హౌస్‌కు పోయి, పెళ్లిళ్లలో గిన్నెలు కడిగే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కిరాయికి అడిగాను. ఎన్ని రోజులకన్నాడు. నెలకన్నాను. "గన్ని దినాల పెండ్లి ఎవల్దమ్మా?" అన్నాడాయన.

ప్రాక్టీసు తర్వాత అమ్మాయిలందరినీ కూర్చోబెట్టి ఇంకో పాఠం కూడా చెప్పాను. ఈ కప్పులో ఎవరూ అరవై కిలోలు దాటకూడదు. ప్రతి ఊళ్లోనూ ఆటకు ముందు కాంటా ఎక్కాలి. ఇలాంటి చోట్ల కొందరు తిండి మానేసి, నీళ్లు మానేసి, చెమట కార్చి బరువు దించుకుంటారు. అది ఎంత ప్రమాదమో గుండె నుంచి మూత్రపిండాల దాకా వరసగా చెప్పాను. బొమ్మలు కూడా గీశాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. బాగా ఎక్కింది. ఇక నా పిల్లలు అలాంటివి చేయరు.

ఏప్రిల్ 27, ఆదివారం. మహబూబాబాద్

గెలిచాం. గెలిపించింది లాలి.

పాలకుర్తి దగ్గరి తండా పిల్ల. డిగ్రీ రెండో సంవత్సరం. కూతకు పోతే అవతలి వాళ్ల కోర్టులో సొంత పొలంలో తిరిగినట్టు తిరుగుతుంది. వచ్చే నెల భూపాలపల్లిలో ఆమె ఆట చూడటానికి రైల్వే జట్టు సెలెక్టర్ వస్తున్నాడని బిక్షపతి అన్న అందరికీ చెప్పుకుంటున్నాడు. వాళ్లు తీసుకుంటే ఉద్యోగం కూడా. ఆ తండాలో ఇప్పటిదాకా అలాంటి ఉద్యోగం ఎవరికీ లేదట.

పొద్దున కాంటా మీద లాలి సరిగ్గా అరవై. ఎక్కేముందు గాజులు కూడా తీసేసింది. దిగిన తర్వాత రెండు లీటర్ల నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగింది, మూడు ప్లేట్ల ఉప్మా తిన్నది. ఆటగాళ్లకు ఆకలి ఇలాగే ఉండాలి.

నా టబ్బు సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. మధ్యాహ్నం చూస్తే స్టేజీ పక్కన పెట్టిన టబ్బు లేదు. వెతుక్కుంటూ పోతే వంటవాళ్లు అందులో బిర్యానీ బియ్యం నానబోశారు. నేను అరిస్తే బిక్షపతి అన్న కడుపు పట్టుకుని నవ్వాడు. "నీ టబ్బుకు గిప్పటికి ఒక పని దొరికింది చెల్లె," అన్నాడు. బియ్యం తీయించి, టబ్బు కడిగించి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నవ్వేవాళ్లు నవ్వనీ.

మే 2, శుక్రవారం

ఎవరికీ దెబ్బలు లేవు. మంచి పోస్టింగ్ అంటే ఇదే.

మే 8, గురువారం. జనగామ

ఎల్లుండి భూపాలపల్లి బయలుదేరాలి.

లాలి మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. అడిగితే దేవుడి మొక్కు, ఒక్కపొద్దు అన్నది. పట్టుదల గల పిల్ల. ఈ ఎండలో స్వెట్టర్ వేసుకుని పరుగెత్తుతోంది. జ్వరమేమోనని చేయి పట్టి చూశాను, లేదు. చలి పెడుతోందట. మాటిమాటికీ పక్కకు పోయి ఉమ్ముతోంది. ఏ అంబరో గుట్కానో అలవాటైందేమో, దాని మీద ఒకరోజు పాఠం చెప్పాలి.

జమున నన్ను చూసి ఏదో అనబోయి ఆగింది. చీలమండ నొప్పా అన్నాను. కాదన్నది. సరే అని వెళ్లిపోయాను.

మే 10, శనివారం. భూపాలపల్లి

బొగ్గు గనుల ఊరు. ఎండ మీద నుంచీ వస్తోంది, నేల లోపల నుంచీ వస్తున్నట్టుంది. బడి మైదానంలో ఆట. రేపు మధ్యాహ్నం కాంటా, సాయంత్రం మ్యాచ్. చేపల మార్కెట్‌లో ఐసు మాట్లాడాను. పొద్దున్నే తెచ్చి వరిపొట్టులో కప్పి పెడతామన్నారు. గేటు తాళం వాచ్‌మన్ దగ్గర. అంబులెన్స్ వెనక గేటు నుంచి రావాలి. అంతా సిద్ధం. ఏ కొరతా లేదు.

మే 11, ఆదివారం

లాలి బతికే ఉంది. మిగతాది రేపు రాస్తాను.

మే 12, సోమవారం. దవాఖాన వరండా

నిన్న మిట్టమధ్యాహ్నం టబ్బులో నీళ్లు నింపిస్తున్నాను. జమున బడి వెనకనుంచి అరుస్తూ వచ్చింది. "అక్కా, లాలి పడ్డది."

ప్రహరీ గోడ వెంట నీడ లేని చోట పడి ఉంది లాలి. ఒంటి మీద స్వెట్టర్. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. చేయి వేస్తే తన్నింది. లంబాడీలో ఏదో తిడుతోంది, ఎవరినో రమ్మంటోంది. మనిషి పడటం కంటే ఆ పిచ్చి మాటలే అసలైన గుర్తు. క్లాసులో చదివినప్పుడు అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

ముగ్గురం కలిసి మోసుకొచ్చాం. టేపులు కత్తిరించే కత్తెరతో స్వెట్టర్ కోశాను. దాని కింద టీషర్టు, దాని కింద ప్లాస్టిక్. యూరియా సంచి లోపలుండే కవరు. తలకూ చేతులకూ కన్నాలు చేసి బనీను లాగా తొడుక్కుంది. దాన్ని కోస్తే వేడి నీళ్లలాంటి చెమట నా మోచేతుల దాకా కారింది. జమున ఏడుస్తూ చెప్పింది, రెండు కిలోలు ఎక్కువుందని, కాంటాకు ముందు పిండుకుంటానని పోయిందని. ఈ పనికి వీళ్లలో ఒక పేరు కూడా ఉంది. పిండుడు.

లాలి ఆట చూడటానికి తండా నుంచి తుఫాన్ జీపు నిండా జనం వచ్చారు. వాళ్లంతా ఒక్కసారిగా చుట్టుముట్టారు. ఒకరు ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రుద్దుతామన్నారు, ఒకరు నోట్లో నీళ్లు పోయబోయారు. నేను అందరినీ నెట్టి, ఐసు పోయించి, లాలిని టబ్బులోకి దించబోతుంటే వాళ్ల నాయిన లక్ష్మా నా భుజం పట్టి వెనక్కు లాగాడు.

"కాలుతున్న పానానికి ఐసు నీళ్లా? నా బిడ్డెను సంపుతవా? బండి తియ్యుండ్రి, దవాఖానకు పోదాం."

"బాపూ, బండిల పోతే దారిలనే పోతది. ముందు సల్లబడాలె."

"నువ్వేమన్న డాక్టరువా?"

కాదన్నాను. బిక్షపతి అన్న వైపు చూశాను. ఆయన ముఖం బూడిద రంగులో ఉంది.

అప్పుడు లాలి తల్లి రాజీ ముందుకొచ్చింది. కూతురిని చూడలేదు, మొగుణ్ణి చూడలేదు, నన్నే చూసింది.

"నీ సొంత చెల్లె అయితే గిట్లనే ముంచుతవా?"

"ముంచుత."

"ఇంతమంది మొగోళ్ల నడుమనా?"

ఆ ప్రశ్న నా మూడు ప్లాన్లలో ఎక్కడా లేదు. తడిబట్టల్లో ఆడపిల్ల, చుట్టూ ఊరంతా, థర్మామీటర్ పెట్టాల్సిన చోటు చూస్తే అది. అంతలో రాజీయే తన ఓణీ తీసి ఒక కొస జమున చేతిలో పెట్టింది. తండా ఆడవాళ్లందరూ వెనక్కు తిరిగి, ఓణీలూ కొంగులూ పట్టుకుని టబ్బు చుట్టూ దడి కట్టారు. రాజీ లోపల కూర్చుని కూతురి తల నీళ్ల పైన పట్టుకుంది. దడి బయట లక్ష్మా గొంతు ఏడుస్తూనే ఉంది.

థర్మామీటర్‌లో నూట ఏడు దాటి ఉంది. రాజీకి చెప్పలేదు.

నీళ్లను చేతులతో కలుపుతూ ఉండాలి, లేకపోతే ఒంటి పక్క నీళ్లు వెచ్చబడతాయి. నేనూ పూజ అనే ఇంకో అమ్మాయీ మోచేతులదాకా ఐసులో పెట్టి కలిపాం. చేతులు మొద్దుబారిపోయాయి. బిక్షపతి అన్న ఎప్పుడు తేరుకున్నాడో తెలియదు, బయటనుంచి ఐసు గడ్డలు పగలగొట్టి దడి మీదుగా అందిస్తున్నాడు.

అంబులెన్స్ వచ్చింది. అందులోని అతను "ఎక్కించుండ్రి, సెలైన్ పెడుతా," అన్నాడు. ఇంకా ఆగాలన్నాను. "ఏమన్న అయితే ఎవల్ది బాధ్యత?" అన్నాడు. నాది అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ నచ్చుతోంది. లోపల మాత్రం అల్లా పేరు తప్ప ఇంకేమీ లేదు.

నూట అయిదు. నూట మూడున్నర. లాలి వణకడం మొదలుపెట్టింది. నూట రెండుకు వచ్చిందో లేదో లాలి కళ్లు తిప్పి తల్లిని చూసి, లంబాడీలో ఒక చిన్న మాట అన్నది. బిడ్డ తనను గుర్తుపట్టిందని రాజీ ముఖం చూసి నాకు అర్థమైంది. అప్పుడు ఎక్కించమన్నాను.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ జ్వరం చూసి, ఎవరు చల్లబరిచారని అడిగాడు. బిక్షపతి అన్న నన్ను ముందుకు నెట్టాడు. "మా ట్రైనర్," అన్నాడు. డాక్టర్ నాకు దండం పెట్టలేదు కానీ, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నాకు అదే చాలు.

మే 13, మంగళవారం

వెంకట్రాం సార్‌కు ఫోన్‌లో అంతా చెప్పాను. "ఎక్సలెంట్" అన్నారు. మళ్లీ అన్నారు. కేస్ రిపోర్ట్ రాసి పంపమన్నారు, వచ్చే ఏడాది జూనియర్లకు దాన్నే పాఠంగా చెప్తారట. అబ్బాకు కూడా చెప్పాను. షాపుకు వచ్చేవాళ్లకు ఇక ఏమని చెప్పాలో తెలిసిందన్నాడు.

మే 14, బుధవారం

మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు. సెలెక్టర్ ఆదివారం సాయంత్రమే వెళ్లిపోయాడు. లాలికి ఆ సంగతి తెలుసు.

ఈరోజు ఆమె దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. కొబ్బరినీళ్లు తాగించాను. తర్వాత మెల్లగా అడిగాను, బరువు ఎక్కువుందని నాకెందుకు చెప్పలేదని.

"నీకు చెప్తే పాఠం చెప్తవ్ గదక్కా."

మంచి కోసమే కదా చెప్పేది అన్నాను.

"పాఠమైతే మాకు ఎరికే. సంచి తొడుక్కుంటే పానం మీదికి వస్తదని నాకెరికే. మా సీనియర్ అక్క ఒకామె గిట్లనే పడ్డది. గది గాదు. ఆదివారం రైల్వేసార్ వస్తడు, నేను రెండు కిలోలు ఎక్కువున్న. గిప్పుడేం చెయ్యాలె? గది నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు.

బయటికి వచ్చి చాలా కోపం తెచ్చుకున్నాను. ఐసు నీళ్లలో చేతులు పెట్టి ఇంకా వేళ్లు తిమ్మిరిగానే ఉన్నాయి, ప్రాణం కాపాడితే దక్కే మర్యాద ఇదా. ఇంకెవరైనా అయితే ఆ రోజు బండి ఎక్కించి చేతులు దులుపుకునేవాళ్లు. రాసి పెట్టుకుంటున్నాను, నేను దులుపుకోలేదు.

మే 16, శుక్రవారం. జనగామ

కేస్ రిపోర్ట్ రాశాను. ముందస్తు లక్షణాలు అన్నచోట, ఏవీ కనిపించలేదు అని రాశాను. నిజమే కదా.

మే 17, శనివారం

నిజం కాదు.

స్వెట్టర్ కనిపించింది. ఉమ్మడం కనిపించింది. నోట్లో తడి కూడా బరువేనని ఉమ్మేస్తారని నేనే సెకండ్ ఇయర్‌లో ప్రెజెంటేషన్ ఇచ్చాను. ఒక్కపొద్దు అంటే నమ్మాను, ఎందుకంటే నేను పాఠం చెప్పిన తర్వాత నా పిల్లలు అలా చేయరు కాబట్టి. రెండు లీటర్ల నీళ్లు గుటగుటా తాగితే ఆకలి బాగుందని సంతోషించాను. జమున నోరు తెరవబోయింది, నేను చీలమండ గురించి అడిగాను.

ఇవన్నీ రిపోర్ట్‌లో మార్చి రాసి పంపేశాను. వెంకట్రాం సార్ ఇంకా ఏమీ అనలేదు. అంటే అననీ. ఆ రోజు టబ్బు దగ్గర నేను చేసింది నూటికి నూరు పాళ్లు సరి, అందులో మాత్రం ఒక్క అక్షరం తగ్గించుకోను.

మే 20, మంగళవారం

పాఠం చెప్పలేదు. రోజంతా. నోరు నొప్పి పుట్టింది.

మే 25, ఆదివారం. జనగామ

ఈరోజు సెమీ ఫైనల్, సొంత ఊళ్లో.

పొద్దున టేపులు సర్దుకుంటుంటే పూజ వచ్చి నిలబడింది. లాలి లేదు, ఇంకొందరికి దెబ్బలు, మరికొందరిని పరీక్షలని ఇంటికి పిలిపించుకున్నారు. కూతకు పోవాల్సింది ఇప్పుడు పూజే. ఏడుగురికి ఏడుగురే ఉన్నారు, ఒక్కరు తగ్గితే పూడ్చడానికి మనిషి లేదు. పూజ నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ అన్నది.

"అక్కా, నేను కిలోన్నర ఎక్కువున్న."

గుండె నుంచి మూత్రపిండాల దాకా మొత్తం పాఠం నా గొంతులోకి వచ్చింది. మింగాను. మింగడానికి కొంతసేపు పట్టింది.

"ఎప్పటిసంది తినలే?"

"నిన్న పొద్దటిసంది. గిప్పుడు సంచి తొడుక్కుందామని పోతున్న. పోయేముందు నీ దగ్గరికి వచ్చిన." ఆగి అడిగింది, "వేరే తొవ్వ ఏమన్న ఉన్నదా అక్కా?"

ఏదైనా ఉందేమోనని నిజంగా ఆలోచించాను. పదిహేను రోజుల కింద చెప్పి ఉంటే, తింటూనే మెల్లగా దించే దారి ఉండేది. అదే చెప్పాను. ఈరోజుకు లేదన్నాను.

"అయితే ఆట పోతది."

"పోతది. నా వల్లనే పోయిందని చెప్పు, తిట్లు నేను పడుత."

"నీ వల్లెందుకు పోతది?" అన్నది పూజ, కోపంగా. "నేను చెప్త."

ఇద్దరం బిక్షపతి అన్న దగ్గరికి పోయాం. పూజే చెప్పింది. ఆయన నా వైపు చూశాడు, నేను ఏదో అంటానని. అనలేదు. ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పుకున్నాడు. ఆయన కూడా తన రోజుల్లో ఎన్ని సంచులు తొడుక్కున్నాడో ఆయనకే తెలుసు.

"పో," అన్నాడు చివరికి. "పోయి బువ్వ తిను."

ఆరుగురితో దిగారు. చిత్తుగా ఓడారు. అంత ఘోరమైన ఓటమి ఈ జట్టు చరిత్రలో లేదని పక్క ఊరి వాళ్లు మైకులో కూడా చెప్పారు. ఆట నడుస్తున్నంతసేపూ పూజ నా పక్కన కూర్చుని పెరుగన్నం తింటూ ఏడ్చింది, ఏడుస్తూ మళ్లీ వడ్డించుకుంది. నాకూ ఏడుపొచ్చింది. గెలవాలని నాకు లేదా ఏమిటి.

అందరూ సామాను సర్దుకుంటున్నప్పుడు జమున వచ్చి నా ముందు నిలబడింది. చీలమండ వైపు చూశాను. కాదన్నట్టు తలూపింది.

"అక్కా, పై నెల వరంగల్‌ల ఆట ఉన్నది," అన్నది. "గిప్పుడు నేను అరవై మూడున్న."

నేను పక్కకు జరిగి కూర్చోమన్నాను.